ముకద్దమవ్వ వేలిముద్ర

మొన్న ఆదిలాబాద్ బస్టాండులో మల్లేశు కనిపించాడు. ముందు గుర్తుపట్టింది అతనే.

"సేవక్ సాబ్ గదా మీరు?" అన్నాడు.

ఆ పిలుపు విని ఇరవై ఏళ్లు దాటింది. చాయ్ తాగుదామని హోటల్లోకి తీసుకుపోయాను. కప్పును సాసర్‌తో సహా రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా చాయ్ కొంచెం ఒలికింది. నేను చూడనట్టు కిటికీ వైపు తిరిగాను.

"మా ముకద్దమవ్వ పోయింది సార్," అన్నాడు. "మొన్న ఎండకాలంల. మూడు దినాలు జొరమొచ్చింది, అంతే. ఎవలిని పరేషాన్ చెయ్యలే."

నా బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

ఆమె పేరు నాకు తెలుసు. ఒకసారి నా చేత్తోనే ఒక కాగితం మీద రాశాను. మళ్లీ రాసే హక్కు నాకు లేదనుకుంటాను. అందుకని ఇక్కడ కూడా ఊరంతా పిలిచినట్టే పిలుస్తాను.

కూలీల గుంపుకు పెద్దగా ఉండి, వాళ్లను పనికి తీసుకుపోయి తీసుకొచ్చే మనిషిని ఆ వైపు ముకద్దం అంటారు. సాధారణంగా మగవాళ్లే ముకద్దాలు. ఆ ఊళ్లో మాత్రం ఆమె. పొట్టి మనిషి. గోచీ పెట్టి కట్టిన చీర, మోచేతుల దాకా పచ్చబొట్లు, కొంగున ఎప్పుడూ ఒక ఉప్పుముడి. నలభై ఐదేళ్లు ఉండొచ్చు. పత్తిచేలో పదిహేను మంది వంగి కలుపు తీస్తుంటే ఆమె కూడా ఒక సాలు పట్టుకుని వాళ్లతో సమానంగా తీసేది. తీస్తూనే, తల ఎత్తకుండానే, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేది.

"గిర్జాబాయీ!"

"ఆఁ!"

"లస్మీ!"

"ఓయ్!"

"పోశవ్వా!"

అలా చివరి సాలు దాకా. ఒక చుట్టు అయ్యాక కాసేపు ఊరుకుని మళ్లీ మొదలు పెట్టేది. మొదట నేను అది హాజరు అనుకున్నాను. ఎవరూ తప్పించుకుపోకుండా చూస్తోంది కాబోలు అనుకున్నాను. ఒకరోజు పోశవ్వ అనే ఆమె రెండో పిలుపుకు గాని పలకలేదు. ముకద్దమవ్వ చేతిలో ఉన్న కొడవలి అక్కడే పడేసి సాళ్లు దాటుకుంటూ పరుగెత్తింది. పోశవ్వ మెడ మీద తన చేతి వెనక భాగం ఆనించి చూసింది. రెక్క పట్టి లేపి వేపచెట్టు కిందికి తెచ్చి, తల తడిపి, ఉప్పు నాకించి, అంబలి తాగించింది. పోశవ్వ నాకేం కాలేదని మొత్తుకుంటున్నా వినలేదు.

"పిలుస్తె జవాబు జల్ది రావాలె సార్," అంది నాతో. "ఆలిశం అయ్యిందంటె మనిషి లోపట ఆగుతుందన్నట్టు. చెమట పోసినంత సేపు ఫికర్ లేదు. చెమట ఆగిందా, ఇగ మనిషి ఆగుతది."

ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు. నిజాం జమానాలో రోడ్డు పనికి పట్టుకుపోయినప్పుడు ఆమె చెల్లెలు పక్కనే కంకర కొడుతూ కొడుతూ పక్కకు ఒరిగిపోయిందట. "ముట్టుకుంటె ఒళ్లు పెంక లెక్క కాలుతుంది. చెమట సుక్క లేదు. నేను దాని పక్కనే ఉన్న సార్. ఒక్కసారన్న పిలిస్తె తెలుస్తుండె. పిలువలే," అని ఒకసారి చెప్పింది.

ఎండ పొద్దుల్లో ఆమె గుంపు చుక్క ఉండగానే చేలో దిగేది. కొడవలి కామను నేల మీద నిలబెట్టి నీడ చూసేది. నీడ జానెడుకు వచ్చిందంటే పని బందు. సాయంత్రం మళ్లీ దిగేవాళ్లు. ఈ పద్ధతి పటేలుకు నచ్చేది కాదు. ఆ ఊళ్లో సగం చేలు ఆయనవే. ఒకసారి గుర్రం మీద వచ్చి, అందరూ చెట్టు కింద కూర్చుని ఉండటం చూసి కేకలు వేశాడు. ముకద్దమవ్వ లేచి చేతులు కట్టుకుని నిలబడింది.

"నీ బాంచెన్ పటేలా, ఒక్క మాట అడుగుత. మీ ఎడ్లను గీ పూట ఇడిసిన్రా, లేదా?"

"ఎడ్లను ఇడువకుంటె సస్తయి," అన్నాడు పటేలు.

"మరి మేము ఎడ్లకన్న గట్టోళ్లమా?"

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పటేలు కూడా నవ్వాపుకోలేక గుర్రం తిప్పుకున్నాడు.

నేను ఆ ఊరికి గ్రామసేవక్‌గా వచ్చాను. మాది సుల్తానాబాద్. బాపు వడ్ల మిల్లులో హమాలీ. బస్తాలు మోసి మోసి ఆయన భుజం మీద కాయలు కాచాయి. మా వంశంలో సర్కారు కొలువు చూసిన మొదటివాణ్ని నేను. ఇంకా పర్మనెంటు కాలేదు. కొత్త విత్తనాలు, కొత్త ఎరువులు, పురుగు మందులు రైతులకు అలవాటు చేయడం నా పని. పురుగు మందు అంటే ఆ రోజుల్లో పత్తికి ఎండ్రిన్. ఇప్పుడు ఆ పేరు వింటే ఊళ్లలో ఎవరికైనా మొదట గుర్తొచ్చేది చావే. అప్పుడు మాత్రం మేము దాన్ని అమృతం అన్నట్టే చెప్పేవాళ్లం.

శిక్షణలో మాకు అన్నీ చెప్పారు. చేతికి రబ్బరు తొడుగులు వేసుకోవాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, గాలికి ఎదురు కొట్టకూడదు, మిట్టమధ్యాహ్నం కొట్టకూడదు, ఒంటి మీద పడితే వెంటనే సబ్బుతో కడగాలి. పంపులతో పాటు కొన్ని తొడుగులు, ముక్కుకు కట్టుకునే పట్టీలు కూడా ఒక పెట్టెలో వచ్చాయి. మా పైన ఉన్న పెద్దసారు ఆ పెట్టెను చూసి, "ఇవి బయట పెట్టకు. నువ్వు చేతికి తొడుగేసుకుంటే రైతులు భయపడతారు. మందు ఎవడూ ముట్టడు," అన్నాడు. పెట్టె నా గదిలో మంచం కిందికి పోయింది.

చావడి ముందు ప్రదర్శన పెట్టాను. ఊరంతా వచ్చింది. బకెట్టు నీళ్లలో మందు పోస్తే నీళ్లు పాలలా తెల్లగా అయ్యాయి. అప్పుడు వెనక నుంచి ముకద్దమవ్వ అడిగింది.

"సార్, గిది పురుగును సంపుతది గదా. మనిషిని ఏమనదా?"

అందరూ నా వైపు చూశారు. పటేలు కూడా చూశాడు. నేను చొక్కా చేయి పైకి మడిచి, బకెట్‌లో మోచేయి దాకా ముంచి, గిరగిరా కలిపాను.

"చూడండి. ఏమైనా అయిందా?"

జనం చప్పట్లు కొట్టారు. పటేలు నాలుగు డబ్బాలు తీసుకున్నాడు. మిగతావాళ్లు కూడా తీసుకున్నారు. అందరూ వెళ్లిపోయాక నేను బావి దగ్గరికి పోయి సబ్బుబిళ్ల తీసి చేయి కడుక్కున్నాను. ఒకసారి కడిగి వాసన చూశాను. మళ్లీ కడిగాను. మూడోసారి గోళ్ల సందుల్లో కూడా రుద్దాను. తల ఎత్తేసరికి ముకద్దమవ్వ బిందె చంకన పెట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. నీళ్లు చేదుకుని వెళ్లిపోయింది.

నాలుగు రోజుల తర్వాత పటేలు చేలో మందు కొట్టడం మొదలైంది. మగవాళ్లు వీపుకు పంపులు తగిలించుకుని కొడుతున్నారు, ఆడవాళ్లు నీళ్లు మోస్తున్నారు. పని ఆపి తినబోయే ముందు ముకద్దమవ్వ అందరినీ కాలువ దగ్గర వరసగా నిలబెట్టింది. కుంకుడుకాయలు దంచి తెచ్చింది, బూడిద తెచ్చింది.

"మూడుసార్లు కడగాలె," అంది. "గోర్ల సందులల్ల గూడ."

"మూడుసార్లెందుకే?" అని గిర్జాబాయి విసుక్కుంది.

"సేవక్ సాబ్ మూడుసార్లు కడిగిండు. సదువుకున్నోడు ఉత్తగనే కడుగుతడా?"

నేను అక్కడే సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆమె నా వైపు చూడలేదు. నన్ను దెప్పాలని అన్న మాట కాదు అది. నా నోరు చెప్పనిది నా చేతుల్లో చూసి నేర్చుకుంది, అంతే. ఆ క్షణంలో గదికి పోయి ఆ పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టి ఉంటే ఈ రాత రాయవలసిన పని ఉండేది కాదు. సైకిలెక్కి పక్క ఊరికి పోయాను.

ఆ తర్వాత ఆమె తనంతట తానే ఇంకా కొన్ని కనిపెట్టింది. కొట్టే ముందు గుప్పెడు దుమ్ము ఎగరేసి గాలి ఎటు పోతోందో చూసేది. పంపు మోసేవాళ్ల ముక్కుకు తడిగుడ్డ కట్టేది. పిల్లలకు పాలిచ్చే తల్లులను ఆ పనికి రానిచ్చేది కాదు. ఒకరు రెండు సాళ్లు కొట్టగానే పంపు మరొకరికి మార్చేది. పంపు కారి చొక్కా తడిస్తే అక్కడికక్కడే విప్పించేది. మల్లేశుకు ఇవన్నీ నవ్వులాట. ముప్పై ఏళ్లవాడు, దిట్టమైన మనిషి, పంపు మోస్తూ పాటలు పాడేవాడు.

"అవ్వా, పెండ్లిపిల్లగానికన్న ఎక్కువ తానం చేపిస్తున్నవే నాకు!" అనేవాడు.

"పెండ్లి ఒక్కపారే అయితదిరా. మందు దినాం కొడ్తున్నవు," అనేది ఆమె.

ఉత్తర కార్తెలో వానలు ఎత్తిపోయాయి. ఎండ, దానికి తోడు ఉక్క. ఆకు కదలదు, కదిలితే వేడిగాలి. అప్పుడు పెద్దసారు చేను చూడటానికి వస్తున్నానని కబురు పంపాడు. పంపులు నడుస్తుండగా చూడాలన్నాడు. పొద్దున్నే వస్తానన్నాడు. ముకద్దమవ్వ గుంపు చీకటితోనే వచ్చి కూర్చుంది. పొద్దెక్కింది. సారు రాలేదు.

"ఎండ ముదురకముందే కొట్టి పెడ్తం సార్. ఆయన ఒచ్చినంక ఉత్త నీళ్లు కొట్టి సూపిస్తం," అంది.

తెలివైన మాట. ఇప్పుడు తలుచుకుంటే అంతకంటే తేలికైన దారి లేదనిపిస్తుంది. కానీ ఉత్త నీళ్లని సారు పసిగడితే నా ఉద్యోగం ఏమవుతుందోనని వద్దన్నాను. కొడవలి కామ నీడ జానెడయింది. ఆ తర్వాత బెత్తెడయింది. సారు జీపు అప్పుడు పక్క ఊళ్లో ఉందని, వస్తున్నాడని కబురొచ్చింది. పంపులు ఎత్తుకోమన్నాను.

ఆమె దుమ్ము ఎగరేసింది. అది తిరిగి మా ముఖాల మీదే పడింది.

"ఎదురుగాలి సార్. ఎండ గూడ సూడు ఎట్లున్నదో. సాయింత్రం కొడ్తం. ఆయనను జర సేపు కూసోమను."

"ఆయనను కూర్చోమనేంతవాణ్నా అవ్వా నేను?"

"మేము ఇప్పుడు కొట్టం."

అప్పుడు నేనన్న మాట ఇది: "మీరు కొట్టకుంటే పటేలు వేరే గుంపును పిలుస్తడు. మొండికేస్తే గీ చేనే కాదు, ఏ చేనుకూ పిలువడు."

హమాలీ కొడుకునై ఉండి నేనన్న మాట అది. బాపు పని చేసే మిల్లులో మేస్త్రీ సరిగ్గా ఇలాగే అంటుంటే చిన్నప్పుడు విన్నాను. ముకద్దమవ్వ చేతికంటిన దుమ్ము దులుపుకుంది. "నువ్వు గూడ గట్లనే అంటివా బిడ్డా," అంది. అంతవరకు ఎప్పుడూ సార్ అనేది. బిడ్డా అని పిలవడం అదే మొదటిసారి.

మగవాళ్లు పంపులు తగిలించుకున్నారు. ఆమె గట్టు మీద నిలబడి పేర్లు పిలవడం మొదలుపెట్టింది. అంతలో జీపు వచ్చింది. పెద్దసారుతో ఇంకో ఇద్దరు అధికార్లు దిగారు. సారు వాళ్లకు పత్తిపురుగు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన మాట మధ్యలో "మల్లేశూ!" అని ఆమె కేక. ఆయన ఆగి చిరాకుగా అటు చూశాడు. నేను ఒక్క అంగలో ఆమె దగ్గరికి పోయాను.

"అవ్వా, సారు మాట్లాడుతుండు. పిలుసుడు బంద్ చెయ్యి."

"పిలువకుంటె ఎట్ల తెలుస్తది?"

"ఒక్క ఘడియ. నీకు దండం పెడ్త."

ఆమె ఊరుకుంది. మల్లేశు నా పక్క సాలులోంచి పోతూ, "పంపు కారుతుంది సార్, ఈపంత తడిసింది," అన్నాడు. సారు వెళ్లిపోయాక చూద్దాంలే అన్నాను. అతను రెండు సాళ్లు దాటి మూడోది కొడుతున్నాడు, నాలుగోది కొడుతున్నాడు. మార్చేవాళ్లు లేరు. సారు మాట్లాడుతూనే ఉన్నాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను.

చేలో ఏదో విరిగినట్టు చప్పుడైంది. మల్లేశు పంపుతో సహా పత్తి మొక్కల మీద పడ్డాడు. మేము చేరేసరికి కాళ్లు చేతులు కొట్టుకుంటున్నాయి. పళ్లు గిట్టకరుచుకున్నాడు. ఎవరో నీళ్లు తాగించబోతే ముకద్దమవ్వ చెంబు లాక్కుంది. "ఇప్పుడు నోట్ల పొయ్యకుండ్రి, గుటక పడది!" అని అరిచింది. పంపు పట్టెడ కోసేసి, చొక్కా చింపి తీసి, ఒళ్లంతా కుండల కొద్దీ నీళ్లు గుమ్మరించింది. పక్కకు ఒత్తిగిల్లబెట్టి తల పట్టుకుంది. చేస్తూనే ఉంది, పెదవులు మాత్రం ఆగకుండా "మల్లేశూ, మల్లేశూ" అంటూనే ఉన్నాయి.

జీపులో వేసుకుని ఆదిలాబాద్ ఆసుపత్రికి పోయాం. వెనక ఆమె ఒడిలో అతని తల. ముందు సీట్లోంచి పెద్దసారు నా వైపు తిరిగి, "ఎండదెబ్బ. అర్థమైందా? మందు మాట ఎత్తావంటే జిల్లాలో ఒక్కడు కూడా కొనడు. నీ ఉద్యోగం కూడా చూసుకో," అన్నాడు.

డాక్టరు వచ్చి ఏమైందని అడిగాడు. "ఎండదెబ్బ తగిలింది సార్," అన్నాను.

ముకద్దమవ్వ మోదుగాకుల్లో చుట్టి తెచ్చిన మూట విప్పి డాక్టరు ముందు పెట్టింది. మల్లేశు చొక్కా అది.

"గిది జర వాసన సూడుండ్రి దొరా. ఎండదెబ్బ మనిషిని నేను సూసిన. గిట్ల కొట్టుకోలే."

డాక్టరు వాసన చూసి నా వైపు తిరిగాడు. "ఏం మందు? చెప్తావా, చావనిస్తావా?" అన్నాడు. చెప్పాను. మల్లేశు బతికాడు. కానీ చేతుల వణుకు పోలేదు. మందు వల్లనో, ఎండ వల్లనో, రెండూ కలిసో, డాక్టరు కూడా తేల్చి చెప్పలేకపోయాడు.

వారం తర్వాత పెద్దసారు రిపోర్టు రాయమన్నాడు. ఆయన చెప్పాడు, నేను రాశాను. ఇంగ్లీషులో, నా గుండ్రటి దస్తూరీలో. గ్రామసేవక్ అన్ని జాగ్రత్తలూ ముందే వివరించాడని, ముకద్దం వాటిని లెక్కచేయక మిట్టమధ్యాహ్నం పని చేయించిందని, కూలీకి వడదెబ్బ తగలడానికి ఆమె నిర్లక్ష్యమే కారణమని. అక్కడే ఆమె పేరు రాశాను. కింద ఆమె వేలిముద్ర కావాలి.

సాయంత్రం ఆమె ఇంటికి పోయాను. జొన్నరొట్టె కాలుస్తోంది. కాగితం చూసి చేతులు తుడుచుకుంది.

"ఏం రాసినవు బిడ్డా?"

మల్లేశుకు బాగలేని సంగతి అనో, సర్కారు కాయితం అనో చెప్పి ఊరుకుంటే సరిపోయేది. అంత అబద్ధం అవసరం కూడా లేదు. కానీ ఆమె కళ్లలోకి చూడలేక ఇంకా తియ్యగా చెప్పాను.

"మల్లేశును నువ్వు కాపాడినవని రాసిన అవ్వా."

ఆమె ముఖం ఎర్రబడింది. ఆ వయసులో, ఆ మనిషి సిగ్గుపడటం చూశాను.

"నా ముచ్చట రాసినవా? కాయిదంల? నా పేరు గూడ ఉన్నదా?"

"ఉన్నది."

"ఏడున్నది, సూపియ్యి."

నిర్లక్ష్యం అన్న మాట పక్కనే ఉంది ఆమె పేరు. వేలు పెట్టి చూపించాను. ఆ అక్షరాలను చాలాసేపు చూసింది. పిండి అంటిన బొటనవేలును కొంగుతో రెండుసార్లు తుడుచుకుని, సిరా అద్దుకుని, చెరిగిపోకుండా జాగ్రత్తగా ముద్ర వేసింది. పోతుంటే పిలిచి రెండు రొట్టెలు చేతిలో పెట్టింది. తిన్నాను.

కాగితంలో ఏముందో పెద్దసారు పటేలుకు చెప్పాడు. పటేలుకు కావలసిందీ అదే. ఆమెను ముకద్దం పని నుంచి తీసేశాడు. మరాఠా వైపు నుంచి ఒక మగ ముకద్దం వచ్చాడు. అతనికి నీడతో పని లేదు. ఒకరోజు మధ్యాహ్నం సైకిల్ మీద ఆ చేను పక్క నుంచి పోతున్నాను. గిర్జాబాయి, లస్మీ, మిగతావాళ్లూ చేలో పొడిమందు చల్లి గట్టు మీద కూర్చుని, తెల్లటి చేతులతోనే రొట్టెలు తుంచుకుంటున్నారు. ఎండలో. సైకిల్ దిగాలనుకున్నాను. వాళ్లు నన్ను చూశారేమోనని ఇంకా గట్టిగా తొక్కాను. రెండు నెలలకు నాకు మెట్‌పల్లి వైపు బదిలీ అయింది. ఉద్యోగం పర్మనెంటు అయింది.

రెండేళ్ల తర్వాత మీటింగు ఉండి ఆదిలాబాద్ పోయాను. జిన్నింగు మిల్లు ముందు పత్తిబండ్లు బారులు తీరి ఉన్నాయి. ఒక బండి నీడలో కూర్చుని ఉన్న ఆడవాళ్లలో ఒకామె ముక్కుకు కట్టిన గుడ్డ విప్పి దులుపుతోంది. వెంట్రుకల నిండా దూది. ముకద్దమవ్వ. నన్ను చూసి లేచి, "సేవక్ సాబ్! మంచిగున్నవా బిడ్డా? బాపు మంచిగున్నడా?" అని అడిగింది.

బండి చక్రం పక్కన కూర్చున్నాను.

"అవ్వా, ఆ దినం నువ్వు వేలుముద్ర ఏసిన కాయిదంల నువ్వు కాపాడినవని లేదు. తప్పంత నీదని రాసిన."

"ఎర్కనే," అంది. "పటేలు నా మొఖం మీదనే చెప్పిండు గద."

"మరి నన్నెందుకు అడుగలే?"

"అబద్ధం రాస్తె అడుగుదును."

ఆమె గుడ్డను మడతపెడుతూ మాట్లాడింది.

"పిలుసుడు బంద్ చెయ్యమన్నది నువ్వు. బంద్ చేసింది నేను. నువ్వు నిన్న మొన్న ఒచ్చిన పోరనివి. నేను ఎండల పుట్టినదాన్ని. నా చెల్లెకు ఏమయ్యిందో ఒకపారి జూసిన. ఎర్కుండి గూడ ఊకున్న. సారు ముందట బుగులైంది. నువ్వు రాసింది నిజమే బిడ్డా."

"కాదు. నేను బెదిరించిన కాబట్టి... నా గదిలో తొడుగులుండె, ఇయ్యలే. పంపు కారుతుందని చెప్తె కూడా..." ఏవేవో చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. నా మాట ఒక్కటి కూడా ఆమె లోపలికి పోలేదు. తిడుతుందనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. కానీ నేను రాసిన రాతను ఆమె అప్పటికే తన గుండెలో పెట్టుకుని రెండేళ్లుగా మోస్తోంది. దాన్ని దించడం నా చేతిలో లేదు.

మిల్లు కూత కూసింది. ఆడవాళ్లు లేచారు. ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకుంటూ ఆగింది.

"గని సార్, ఒక్కటి చెప్పు. ఇప్పుడు గా మందు కొట్టెటోళ్లకు ఎవలన్న చెప్తున్నరా? ఇది ఇసం, పైలం అని?"

"చెప్తున్నమవ్వా," అన్నాను. "అన్ని ఊళ్లల్ల చెప్తున్నం."

గుడ్డ పైన ఆమె కళ్లు నవ్వాయి.

"గట్లయితె నువ్వు రాసిన కాయిదం మంచికే అయ్యింది," అంది. అని గేటు లోపలికి పోయింది.

మెట్‌పల్లికి తిరిగి వచ్చిన మూడో రోజే ఒక ఊళ్లో మందు పంచాలి. రైతులు కూర్చున్నారు, కూలీలు వెనక నిలబడ్డారు. డబ్బా మూత విప్పకముందే మొదటిసారి చెప్పాను, ఇది విషమని. ఒంటికి అంటినా ప్రమాదమని, ఎండలో కొట్టకూడదని, కొడితే ఏమవుతుందో కళ్లారా చూశానని. ఆ రోజు ఆ ఊళ్లో ఒక్క డబ్బా కూడా పోలేదు. పై నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. తర్వాతి ఊళ్లో కొంచెం తగ్గించి చెప్పాను. ఆ పై ఊళ్లో ఇంకొంచెం తగ్గించాను. ఆ ఏడు గడిచేసరికి, రైతులు భయపడకుండా ఉండాలంటే ఎంత చెప్పాలో అంతే చెప్పడం నాకు బాగా అలవాటైపోయింది.